ఆరూ ఐదు సర్వీసు

మా మామయ్య బండి ఎక్కడం లేదన్న సంగతి మొదట పసిగట్టింది అత్తయ్య. అదీ చొక్కా ఉతుకుతూ.

మామయ్య సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్లుగా పద్నాలుగో నంబరు రూటు. అన్నేళ్లూ ఆయన ఖాకీ చొక్కా వీపు మీద సీటు ఆకారంలో చెమట మరక పడటం, అత్తయ్య దాన్ని సణుక్కుంటూ రుద్దడం మామూలే. ఆ వారం రెండు రోజులు వరసగా చొక్కా వీపు శుభ్రంగా ఉంది. మూడో రోజు సాయంత్రం ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతుంటే, అత్తయ్య ఆ చొక్కా తెచ్చి ఆయన మోకాళ్ల మీద పడేశారు.

“ఏమండీ, రెండు రోజుల్నుంచి ఎక్కడ కూర్చుంటున్నారు?”

“ఎక్కడ కూర్చుంటాను? బండిలో.”

“బండిలో కూర్చుంటే వీపు ఇలా ఉండదు. ఎవరికి చెప్తున్నారు?”

మామయ్య జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పసుపు కాగితం తీసి, అడిగిన ఆవిడకి కాకుండా నా చేతికిచ్చారు. నేను ఈ ఇంటి కోడల్ని, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మా ఇంట్లోకి అంకెలున్న కాగితం ఏదొచ్చినా ఆఖరికి నా దగ్గరికే చేరుతుంది.

రక్తపోటు నూట యాభై ఎనిమిది బై తొంభై ఎనిమిది. కింద డిపో డాక్టరు రాసింది చదివాను. ప్రస్తుతానికి బండి నడపకూడదు. రోజూ మాత్ర వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, చెమట పట్టేలా నడవాలి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటికి నూట నలభై బై తొంభైకి లోపు రాకపోతే, రిటైరయ్యే వరకూ ఉన్న రెండేళ్లూ తాళాల గదిలోనే.

“తాళాల గదంటే?” అన్నాను.

“డ్రైవర్లు డ్యూటీకి వచ్చి సంతకం పెట్టి బస్సు తాళం తీసుకెళ్తారు కదమ్మా. ఆ తాళాలిచ్చే గది.” విప్పిన బూటు పక్కన పెట్టి, “నా బండి తాళం కూడా నేనే ఇస్తున్నాను. కొత్తాయనకి. క్లచ్ మీంచి కాలు తీయడు మహానుభావుడు” అన్నారు.

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన కుడికాలు నేల మీద బ్రేకు నొక్కినట్టు బిగుసుకుంది.

మామయ్య డ్రైవింగు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన బండిలో నిండు టీ గ్లాసు పట్టుకుని నిలబడినా తొణకదని ఆ రూటులో పేరు. స్టాపులో ముసలివాళ్లు ఎక్కి, సీటు చూసుకుని, కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకునే దాకా గేరు మార్చరు. ఇంట్లో కూడా అంతే. వంటింటికి వెళ్లే ఇరుకు నడవాలో ఎదురుగా ఎవరైనా వస్తుంటే గోడకు ఆనుకుని దారిస్తారు. టీవీలో కారు మలుపు తిరిగితే కుర్చీలో తనూ వంగుతారు. అలాంటి మనిషిని మూడు నెలలు తాళాల గదిలో కూర్చోబెట్టారంటే అది ఏ మాత్రా తగ్గించలేని రక్తపోటు అని నాకు ఆ సాయంత్రమే అనిపించింది.

నేను కంగారు మనిషిని. పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు వెతుకుతాను. ఇప్పుడు మామయ్యకు వచ్చింది రేపు మా ఆయనకు వస్తుంది, ఎల్లుండి మా బొంగరానికి వస్తుంది అని నా బుర్ర అప్పుడే మూడు తరాలు తిరిగొచ్చింది. బొంగరం అంటే మా అమ్మాయి. ఆరేళ్లు. ఒక్క చోట నిలబడదని వాళ్ల నాన్నమ్మ పెట్టిన పేరు.

మర్నాడు గోడకి పెద్ద చార్టు అంటించాను. నిలువు గళ్లలో రోజులు, అడ్డ గళ్లలో మనుషులు. మామయ్య నలభై నిమిషాలు నడక. అత్తయ్య మోకాళ్ల వ్యాయామం. మా ఆయన కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీస్తారు కాబట్టి ఆయనకి తాడాట. నాకూ పాపకూ వంగడం, లేవడం. చేసినవాళ్లు ఆకుపచ్చ చుక్క పెట్టుకోవాలి.

మొదటి వారం చివర చార్టులో మొత్తం ఐదు చుక్కలున్నాయి. అందులో మూడు బొంగరం సరదాకి పెట్టినవి. మా ఆయన మూడో రోజు తాడుతో ట్యూబులైటు పగలగొట్టి, “ఇల్లు చిన్నదే, నేనేం చెయ్యను?” అని చేతులు దులుపుకున్నారు. అత్తయ్య అసలు చార్టు ముఖమే చూడలేదు.

“వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి డాబా మీదకి రోజుకెన్నిసార్లు తిరుగుతానో నీ చార్టులో ఎక్కడ రాశావు అమ్మాయ్?”

“అది పని అత్తయ్యా. ఇది వ్యాయామం.”

“నా మోకాళ్లకి ఆ తేడా చెప్పు ముందు.”

మామయ్య మాట వింటారు, పాపం. తాళాల గదికి తొమ్మిదింటికి వెళ్తే చాలు, నేను నడవమన్నాను కాబట్టి పొద్దున్నే గేటు తీసుకుని బయల్దేరారు. ఎనిమిది నిమిషాల్లో తిరిగొచ్చారు.

“అప్పుడే వచ్చేశారేం మామయ్యా?”

“ఎక్కడికెళ్లాలో నువ్వు చెప్పలేదు కదమ్మా. వీధి చివరి దాకా వెళ్లి నిలబడ్డాను. నలుగురూ చూసి, ఎవరికోసం అని అడుగుతున్నారు. ఖాళీ బండి ఎంతసేపని తిప్పను?”

నవ్వొచ్చింది కానీ, ఆయన నిజంగానే ఇబ్బంది పడుతున్నారని ముఖం చూస్తే తెలిసింది. జీవితంలో ఒక్కసారి కూడా గమ్యం లేకుండా, జనం లేకుండా, టైము లేకుండా బయల్దేరిన మనిషి కాదు. నేనేమో నలభై నిమిషాలు అన్నానే గాని, ఎక్కడి నుంచి ఎక్కడికో అనలేదు.

తొమ్మిదో రోజు ఆ ముడి విప్పింది బొంగరం. స్కూల్లో ఆటల పోటీలో వచ్చిన ప్లాస్టిక్ విజిలు మెళ్లో వేసుకుని, మా ల్యాబులో ఒకవైపు అచ్చుతప్పిన ఫారాలు చించి టికెట్లు చేసి, పొద్దున్నే గేటు దగ్గర నిలబడింది.

“తాతా, నేను కండక్టర్ని. నువ్వు డ్రైవరువి. నాన్నమ్మా, అమ్మా, ఎక్కండెక్కండి!”

మామయ్య సీరియస్‌గా వాచీ చూసుకున్నారు. “ఎన్నింటికి బండి?”

“ఇప్పుడే.”

“ఇప్పుడే అంటే కుదరదు తల్లీ. టైము చెప్పు. టైము లేని బండిని జనం ఎలా నమ్ముతారు?”

నేను గోడ గడియారం చూశాను. ఆరూ మూడు. “ఆరూ ఐదుకి మామయ్యా” అన్నాను.

ఆయన గేటు బయట ఎదురుగా చూస్తూ రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. వెనక అత్తయ్య, ఆవిడ వెనక నేను. అత్తయ్య ఎందుకొచ్చారంటే, బొంగరం చెయ్యి పట్టి లాక్కొచ్చింది కాబట్టి. సరిగ్గా ఆరూ ఐదుకి విజిలు మోగింది.

“రైట్ రైట్!”

బండి కదిలింది.

ఆ రోజు పార్కు పచ్చగేటు దాకా వెళ్లొచ్చాం. మర్నాడు బేకరీ దాకా. మూడో రోజుకి మామయ్య రూటు ఖాయం చేశారు. మా గేటు, లాండ్రీ, పార్కు, గడియారాల కొట్టు, బేకరీ, నీళ్ల ట్యాంకు, మళ్లీ అదే దారిన వెనక్కి. ఎక్కడ ఎన్ని నిమిషాలు పడుతుందో ఆయన చెప్తుంటే నేను స్కేలు పెట్టి గీతలు గీసి, కొత్త చార్టు తయారుచేశాను. లాండ్రీ ఆరూ ఎనిమిది. పార్కు ఆరూ పన్నెండు. పాతది చింపేశాను. నా చేత్తో ఏదైనా చింపి అంత సంతోషపడటం నాకు గుర్తులేదు.

ఇక ఆ బండి ఒక్క రోజూ ఆగలేదు. చినుకులు పడితే గొడుగులు. అత్తయ్యకు బద్ధకంగా ఉన్న రోజున కూడా, “ప్యాసింజరు లేదని సర్వీసు రద్దు చేసుకుంటారా? డిపోలో ఏమని రాస్తారు?” అని మామయ్య అంటే, “రాస్తారు లెండి, నా మోకాళ్ల పేరు” అని లేచి వచ్చేవారు.

అందరికంటే అవస్థ మా ఆయనది. ఆయనకి ఐదు నిమిషాలంటే పది. మొదటి రోజు ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

“నాన్నా, ఒక్క నిమిషం!”

“టైమైపోయింది నాయనా. తర్వాతి స్టాపులో ఎక్కు.”

“కన్నకొడుకుని నాన్నా!”

“కొడుకులకి వేరే టైము లేదు.”

అలా రోజూ లాండ్రీ దాకా పరుగు. అక్కడ అందుకోలేకపోతే పార్కు దాకా. పైగా టికెట్ తీసుకోకుండా మధ్యలో ఎక్కినవాళ్లకి కండక్టరు జరిమానా వేసేది. పది గుంజీళ్లు. కండక్టరు దగ్గర బేరాలు సాగవు. ఆరు, ఏడు, ఏడున్నర అని ఆయన నసుగుతుంటే, “ఏడున్నర ఏంటి నాన్నా, మళ్లీ మొదట్నించి!” అనేది.

రెండు వారాలకి లాండ్రీ దగ్గర గడియారాల మెకానిక్కు నిలబడి ఉన్నాడు. “ఏం డ్రైవరుగారూ, ఖాళీ ఉందా?” అని చెయ్యెత్తాడు. కొట్టు అటున్నా ఇల్లు లాండ్రీ వెనకే, అందులో ఒక్కడే ఉంటాడు, పొద్దున్నే మాట్లాడ్డానికి మనిషి కావాలి. ఆ తర్వాత బేకరీ ఆవిడ. లావుపాటి మనిషి, ఎడమ మడమ నొప్పి. మెట్లు దిగి రావడానికే నిమిషం పడుతుంది. మామయ్య మెట్ల కింద నిలబడి, ఆవిడ ఆఖరి మెట్టు దిగి, చీపురు పక్కన పెట్టి, “ఆఁ, పదండి” అనే దాకా ఆగేవారు. నెల తిరిగేసరికి మా బండిలో తొమ్మిది మంది. వీధిలో కొందరు మా బండి చూసి పాలు స్టవ్వు మీద పెట్టుకునేవాళ్లని విన్నాను.

మామయ్య ముఖంలో వెలుగొచ్చింది. తాళాల గది సంగతి ఎత్తడం మానేశారు. నేను కూడా నిశ్చింతగా ఉన్నాను. నిశ్చింతగా ఉండటం నాకు చేతకాని పని. అందుకే అక్కడ తప్పు జరిగింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద మిషను పెట్టి అందరికీ బీపీ, బరువు చూసేదాన్ని. ఆరో ఆదివారం నాటికి మా ఆయన నాలుగు కిలోలు తగ్గారు, బెల్టుకి కొత్త చిల్లు పొడిచారు. అత్తయ్య డాబా మెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కుతున్నారు. బేకరీ ఆవిడ మడమ నొప్పి కూడా తగ్గిందట. మామయ్యకి నూట యాభై రెండు బై తొంభై ఆరు. మొదటి రెండు వారాల్లో మాత్రల వల్ల ఆ కాస్తా తగ్గింది, ఇక అక్కడే కూర్చుంది.

గడువులో సగం అయిపోయింది.

నాకు అనుమానం వంట మీద పడింది. ఉప్పు డబ్బా మీద పెన్సిలుతో గీత పెట్టాను. రెండో రోజే అత్తయ్య కంట పడింది.

“నా వంటింట్లో నాకే గీతలా అమ్మాయ్?”

“అది కాదు అత్తయ్యా, మామయ్య బయట ఏమన్నా…”

“ఆయనకి చప్పిడి పెట్టి నేను ఉప్పేసుకుని తింటున్నాననుకున్నావా? నెలన్నర నుంచి ఈ నోటికి రుచి తెలీదు. ఇదిగో డబ్బా, నువ్వే తాళం వేసుకో.”

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించమని అడిగితే, “సర్లే, నీ కంగారు నాకు తెలీదా” అన్నారు గానీ, ఆ పూట నాతో ముభావంగానే ఉన్నారు.

మర్నాడు ఆరూ ఐదుకి నేను మామయ్య పక్కన నడిచాను, ఆయన మణికట్టు మీద వేళ్లు పెట్టి. గేటు దగ్గర నాడి నిమిషానికి డెబ్భై ఆరు. లాండ్రీ చేరేసరికి ఎనభై నాలుగు. అక్కడ ఆగాం. గడియారాలాయన ఎక్కాడు, నిన్నటి వాన గురించి చెప్పాడు. డెబ్భై ఎనిమిది. పార్కు దగ్గర ఎనభై ఐదు. మళ్లీ ఆగాం. డెబ్భై ఎనిమిది. బేకరీ ఆవిడ మెట్లు దిగి వచ్చేసరికి డెబ్భై ఆరు, ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే. ఆవిడ ఎక్కాక బండి ఆవిడ మడమ వేగంతోనే నడిచింది.

ల్యాబులో మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడు ఆ అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద పెట్టాను. రంపం పళ్లలా వచ్చింది. కొంచెం ఎక్కడం, దిగిపోవడం. ఆయన గుండెకి తను వ్యాయామానికి వెళ్లిందన్న సంగతే తెలియడం లేదు. మా ఆయనకి పరుగు దొరికింది, అత్తయ్యకి కదలిక దొరికింది, బేకరీ ఆవిడకి తోడు దొరికింది. డ్రైవరు మాత్రం కుదుపు లేకుండా అందర్నీ దించి వస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా నేర్చిన నేర్పంతా అందులో ఉంది. ఆ స్టాపులన్నిటికీ స్కేలు పెట్టి గీతలు గీసింది నేనే.

సాయంత్రం ఆ గ్రాఫు ఆయన ముందు పెట్టి చెప్పాను.

“మామయ్యా, ఎక్కడా ఆగకుండా నడవాలి మీరు. మాట్లాడటానికి కాస్త ఆయాసం రావాలి. అంత వేగంగా.”

“మరి స్టాపులు?”

“ఆగకండి.”

ఆయన నా వైపు వింతగా చూశారు. “చెయ్యెత్తి నిలబడ్డ మనిషిని చూస్తూ చూస్తూ దాటిపొమ్మంటావా? ఇన్నేళ్లలో ఆ పని చెయ్యలేదమ్మా. నా మీద ఒక్క కంప్లయింటు లేదు.”

మా ఆయన పేపరు పక్కన పెట్టి, “నాన్నా, అది నిజం బస్సు కాదు కదా” అన్నారు.

అనకుండా ఉండాల్సింది. మామయ్య గ్రాఫు కాగితం జాగ్రత్తగా మడతపెట్టి నా చేతికిచ్చారు.

“ఇప్పుడు నాకున్నది ఆ ఒక్క బండేరా” అన్నారు.

బొంగరం కూడా ఒక చోట నిలబడింది.

అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నారు.

“ఏమండీ, మీ సర్వీసులో ఎప్పుడైనా ఎక్స్‌ప్రెస్ నడిపారా?”

“లేదు. నీకు తెలుసుగా.”

“అడిగారా?”

“మూడుసార్లు రాసిచ్చాను. మెత్తటి చెయ్యి, ఆర్డినరీకే బాగుంటుందన్నారు.”

“ఎక్స్‌ప్రెస్ లాండ్రీ దగ్గర ఆగుతుందా?”

“ఎందుకాగుతుంది? దానికి అక్కడ స్టాపుండదు.”

“మరి జనం తిట్టుకోరా?”

“ఎందుకు తిట్టుకుంటారే? బోర్డు చూసుకుంటారు. వాళ్ల బండి కాదని వాళ్లకే తెలుస్తుంది.”

“అయితే బోర్డు రాయించుకోండి. ఆరూ ఐదు బండి నాకివ్వండి. మీరు ఆరూ ఇరవైకి ఎక్స్‌ప్రెస్ తీయండి.”

మామయ్య ఆవిడ్ని ఎగాదిగా చూశారు. “నువ్వు నడుపుతావా?”

“పెళ్లయినప్పట్నించి మీ వెనక కూర్చుంటున్నాను. ఆ మాత్రం తెలీదా?”

“బ్రేకులు…”

“నా మోకాళ్లున్నాయిగా. వాటికంటే బ్రేకులా?”

నవ్వింది మేమే. ఆయన నవ్వలేదు. సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. డిపోలో ఒక తాళం, ఇంట్లో ఇంకో తాళం. రెండూ వేరేవాళ్ల చేతిలో పెట్టమంటున్నాం మనిషిని. నేను అడగాల్సింది కాదేమో అనుకుంటూ పాప పుస్తకాల సంచీ సర్దాను.

పొద్దున ఆరింటికి ఆయన ఎప్పట్లాగే గేటు బయట నిలబడి ఉన్నారు. వెనక మేము. ఆరూ నాలుగుకి వరస ముందు నుంచి ఒక అడుగు పక్కకి జరిగారు.

“రా” అన్నారు అత్తయ్యతో.

ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాక, గొంతు తగ్గించి వరసగా చెప్పుకుపోయారు. “లాండ్రీ ముందు మ్యాన్‌హోలు మూత కొంచెం పైకుంది, ఎడమకి తియ్యి. గడియారాలాయన మాటల్లో పడి వెనకబడిపోతాడు, పార్కు దాటాక ఒకసారి వెనక్కి చూసుకో. బేకరీ ఆవిడ రెండో మెట్టు దగ్గర ఆగుతుంది, పిలవకు. తొందరపెడితే మడమ మెలిక పడుతుంది.” డ్యూటీ మారేటప్పుడు ఒక డ్రైవరు రెండో డ్రైవరుకి బండి అప్పజెప్పడం అలాగే ఉంటుందని ఆయన తర్వాత నాకు చెప్పారు.

“ఇంకేమైనా ఉందా?” అన్నారు అత్తయ్య. ఆవిడ గొంతులో హాస్యం లేదు.

“అంతే. మెత్తగా వెళ్లు.”

విజిలు మోగింది. ఆరూ ఐదు సర్వీసు లాండ్రీ మలుపు తిరిగి కనపడకుండా పోయే దాకా మామయ్య చూస్తూ నిలబడ్డారు. ఆ పదిహేను నిమిషాలూ మేమిద్దరం గేటు దగ్గరే ఉన్నాం. నేను ఆయన వీపుకి అట్టముక్క తగిలించాను. బొంగరం రాత్రి పడుకోబోయే ముందు రంగు పెన్సిళ్లన్నీ వాడి రాసింది: ‘ఎక్స్‌ప్రెస్’. కింద చిన్న అక్షరాలతో ‘ఆగదు’.

ఆరూ ఇరవైకి మొదటి అడుగు వేశారు. లాండ్రీ దాకా మామూలు నడకే. అక్కడ అలవాటు కొద్దీ కాలు నెమ్మదించింది. “మామయ్యా, బోర్డు” అన్నాను. ఊపిరి పీల్చుకుని దాటేశారు. ఆ తర్వాత ఏమైందో ఏమో, పార్కు వచ్చేసరికి ఆయన పక్కన నడవడానికి నేను అంగలు వెయ్యాల్సి వచ్చింది. వెనకనుంచి మా ఆయన కేకలు వినిపించాయి. ఆరూ ఐదు తప్పిపోయింది కాబట్టి దీన్ని పట్టుకుందామని వచ్చారు.

“నాన్నా! తర్వాతి స్టాపెక్కడ?”

“దీనికి స్టాపుల్లేవు నాయనా! వస్తే రా!”

ఆ గొంతులో ఆయాసం విని నేను పొంగిపోయాను. మణికట్టు పట్టుకుంటే నూట పది.

బేకరీ దగ్గరికి వచ్చేసరికి మా ముందు అత్తయ్య బండి కనిపించింది. ఏడుగురు, దారి నిండా. మామయ్య పక్క నుంచి దూసుకుపోలేదు. వెనకే నిలబడి, ఆగితే నాడి పడిపోతుందని నేను చెప్పింది గుర్తుంచుకుని, ఉన్నచోటే కాళ్లాడిస్తూ, “సైడివ్వండి, సైడివ్వండి” అన్నారు.

అత్తయ్య వెనక్కి తిరగలేదు. “ప్యాసింజరు ఎక్కుతోంది. ఆగండి.”

“ఎక్స్‌ప్రెస్‌కి సైడివ్వాలి, రూలు!”

“బేకరీ ఆవిడ ఇంకా సర్దుకోలేదండీ. మీరే చెప్పారు తొందరపెట్టొద్దని.”

గడియారాలాయన చప్పట్లు కొట్టాడు. చివరికి కండక్టరు విజిలు వేసి అందర్నీ గోడ వారకి జరిపితే, మామయ్య దాటుతూ అత్తయ్య వైపు చూసి ఒక చెయ్యి పైకెత్తారు. ఎదురుపడిన డ్రైవర్లు ఒకరికొకరు ఎత్తే చెయ్యి. ఆవిడా ఎత్తారు.

ఆ ఆదివారం నూట నలభై ఎనిమిది. తర్వాతి వారం నూట నలభై నాలుగు. ఆ పైవారం ఒక్క అంకె కూడా కదలక నాకు ముద్ద దిగలేదు. ఆ తర్వాత నూట నలభై. ఆఖరి ఆదివారం నూట ముప్ఫై ఎనిమిది బై ఎనభై ఎనిమిది. గట్టు మీద ఉన్నాం. ఏ కొంచెం గాలి వీచినా అటు పడొచ్చు.

పరీక్ష రోజు సగం పూట సెలవు పెట్టి ఆయనతో డిపోకి వెళ్లాను. నన్ను లోపలికి రానివ్వలేదు. బల్ల మీద కూర్చుని గోరు కొరుక్కుంటుంటే ఐదు నిమిషాల్లో ఆయన బయటికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

“నూట యాభై చూపించిందమ్మా. పది నిమిషాలు కూర్చుని మళ్లీ రమ్మన్నారు.”

నేను కంగారుపడితే అది ఆయన నరాల్లోకే పోతుంది. “ఆ గదిలో ఏమైంది మామయ్యా? భయం వేసిందా?” అని మెల్లిగా అడిగాను.

“డాక్టరంటే భయమెందుకు? ఆయన ఎదురుగా కుర్చీ వేశాడు. ఆయన వెనక కిటికీ. కిటికీలోంచి నా బండి కనపడుతోంది. కొత్తాయన రివర్సు తీస్తున్నాడు.” మామయ్య గొంతు పెరిగింది. “గేరు పడకుండానే లాగుతాడమ్మా! గర్రుమని ఒకటే చప్పుడు. పళ్లరిగిపోవూ?”

నేను ఆయన చెయ్యి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. ముందు కోపంగా చూశారు, తర్వాత ఆయనా నవ్వారు. పది నిమిషాలూ ఉప్పు డబ్బా మీద గీత సంగతీ, అత్తయ్య ఏమన్నారో, అన్నీ చెప్పాను. ఆయనకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదట. లోపలికి వెళ్లేముందు మాత్రం ఒక్క మాట చెప్పాను.

“ఈసారి కుర్చీ తిప్పుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చోండి.”

నూట ముప్ఫై ఆరు బై ఎనభై ఆరు.

బండి నడపొచ్చు అని రాశారు, ఆరు నెలలకి. ఆ తర్వాత మళ్లీ చూస్తారట. ఆ కాగితం పట్టుకుని డ్యూటీలు వేసే కంట్రోలరు దగ్గరికి వెళ్లాం. ఆయన సంతోషంగా రిజిస్టరు తెరిచి, “మీరు సీనియరు. పాత షిఫ్టే మీది. పొద్దున ఐదున్నర, పద్నాలుగో నంబరు” అన్నాడు.

మామయ్య గొంతు సవరించుకున్నారు. “మధ్యాహ్నం షిఫ్టు ఇప్పించండి సార్.”

కంట్రోలరు పెన్ను ఆపేశాడు. “పొద్దుటి షిఫ్టు కోసం ఇక్కడ కొట్టుకు చస్తున్నారండీ. ఎండ ఉండదు, రద్దీ ఉండదు. మీకేమైంది?”

“పొద్దున నాకింకో డ్యూటీ ఉంది.”

“ఇంకెక్కడన్నా పనిచేస్తున్నారా? అది కుదరదు, రూలొప్పుకోదు.”

“ఎక్స్‌ప్రెస్ సార్” అన్నారు మామయ్య, నిటారుగా నిలబడి.

కంట్రోలరు నా వైపు చూశాడు, ఈయనకి బీపీ ఒక్కటే చూశారా అన్నట్టు. నేను తలూపాను. ఏమనుకున్నాడో, రాశాడు.

ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అంకె చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, వెంటనే ముఖం గట్టిగా పెట్టి, “ఆరూ ఐదు మాత్రం తిరిగివ్వను. ఇప్పుడే చెప్తున్నా” అన్నారు.

“ఎవరడిగారు? నాకు రెండు బళ్లున్నాయి” అన్నారు మామయ్య.

మర్నాడు పొద్దున అత్తయ్య బండి వెళ్లిపోయాక నేను గేటు దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటున్నాను. మామయ్య వీపుకి బోర్డు తగిలించుకుని వాచీ చూసుకుంటున్నారు.

“అమ్మాయ్, పరీక్ష అయిపోయిందిగా. నాడి చూసే పని లేదిక. కాసేపు పడుకుంటావా?”

“మీరు ఇంకా ఎంతసేపట్లో బయల్దేరతారు మామయ్యా?”

“ఒక్క నిముషం.”

రెండో లేసు ముడి పడలేదు. పోనీలే అని లోపలికి దోపుకుని లేచాను.